పూటకూళ్ళ ఇంటి నుంచి టిఫిన్ హోటలు దాకా

నాటకం చూసివస్తే దాని మీద విమర్శ రాస్తాం. నవల చదివితే రాస్తాం. సినిమా సంగతి చెప్పనే అక్కరలేదు. హోటల్లో తిని వచ్చినవాడు మాత్రం రెండే రకాల మాటలు మాట్లాడతాడు: "అబ్బ, ఏం రుచి!" అని గాని, "ధరలు మండిపోతున్నాయి" అని గాని. మొదటిది స్తోత్రం, రెండోది ఫిర్యాదు. విమర్శ అనదగినది ఈ రెంటిలోనూ కనపడదు. బెజవాడ గాంధీనగరంలో టిఫిను తినివచ్చిన ప్రతి రచయితా ఒక జ్ఞాపకం రాసిపెట్టాడు. ఇడ్లీ మీద కరిగే వెన్న గురించి, ఫిల్టరు కాఫీ పొగ గురించి, ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న సినిమా పంపిణీదారు గురించి రాశాడు. ఆ బల్ల దగ్గర కూర్చునే హక్కు ఎవరికి ఎప్పుడు వచ్చింది, ఆ పిండి ఎవరు రుబ్బారు, ఆ మినుము ఎవరు పండించారు అనే ప్రశ్నలు ఆ జ్ఞాపకాలలోకి రావు. అవి వస్తే రుచి చెడిపోతుందని వారి భయం కాబోలు. నా మట్టుకు నాకు చెడిపోలేదు.

తిండి మీద సాహిత్య విమర్శ ఏమిటని కొందరు పెద్దలు ముక్కు మీద వేలు వేసుకోవచ్చు. వారికి నేను చూపదలచిన మొదటి సాక్ష్యం క్రీడాభిరామం. సుమారు ఆరు వందల ఏళ్ళ కిందటి ఈ వీథి నాటకం వినుకొండ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అనే తగవును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలుపెట్టగా, అది ఇంకా తెగలేదు. తెగకపోయినా మన పనికి అడ్డు లేదు. అందులో ఓరుగల్లు వీధులలో తిరిగే ఇద్దరు మిత్రుల కళ్ళతో నగరం కనిపిస్తుంది. ఆ నగరంలో ఒక పూటకూళ్ళ ఇల్లు వుంది. దాని యజమాని పేరు వుంది, ధర వుంది, వడ్డించే పదార్థాల జాబితా వుంది. ఒక్క రూక ఇస్తే మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇదంతా ఒకే పద్యంలో. యజమాని పేరు, ధర, వంటకాలు, నాణ్యత మీద ఒక్కొక్క విశేషణం - ఈ కాలపు హోటలు సమీక్షకులు పేజీలకు పేజీలు రాసి చెప్పలేనిది ఆ కవి నాలుగు పాదాల్లో చెప్పాడు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినప్పుడు రాజుల దండయాత్రలు పక్కన పెట్టి ఇటువంటి పద్యాలనే సాక్ష్యానికి పిలిచారు. తెలుగులో సాహిత్య అకాడమీ తొలి బహుమానం 1955లో ఆ గ్రంథానికే వచ్చింది. కాబట్టి తిండిని చరిత్రగా చదవడం నేను కొత్తగా తెచ్చిన వింత ఏమీ కాదు.

అయితే ఆ పద్యం చెప్పనిది కూడా వుంది. రూక వున్న ప్రతివాడినీ ఆ ఇంటి వసారాలో కూర్చోనిచ్చారా? పూటకూళ్ళ ఇల్లు పేరుకు తగ్గట్టే ఇల్లు. అది అంగడి కాదు. ఇంటికి గడప వుంటుంది, గడపకు కులం వుంటుంది. ఆ కవి పేరుతో వున్న వినుకొండలోనే 1895లో జాషువా పుట్టాడు. 1941లో ఆయన రాసిన గబ్బిలంలో కథానాయకుడు గుడిలోకి పోలేడు, తన మొర శివుడి చెవిన వెయ్యమని గబ్బిలాన్ని పంపుకుంటాడు. ఆ కథానాయకుడి చేతిలో రూక పెట్టి ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటికి పంపి చూడండి. పద్యం అక్కడ ఆగిపోతుంది. ఒకే ఊరి పేరు మీద వున్న రెండు కావ్యాలలో మొదటిదాని అందాన్ని తగ్గించకుండానే, రెండోదాన్ని పక్కన పెట్టి దానిని చదవరాదని నా వాదన.

పూటకూళ్ళ ఇల్లు మన సాహిత్యంలోకి మళ్ళీ వచ్చింది కన్యాశుల్కంతో. 1892లో ఆడి, 1897లో అచ్చయి, 1909లో గురజాడ తిరగరాసిన ఆ నాటకంలో పూటకూళ్ళమ్మ వున్న సంగతి అందరికీ తెలుసు. ఆమె పేరేమిటో మాత్రం ఎవరికీ తెలియదు. గిరీశానికి పేరు వుంది, మధురవాణికి వుంది, అసిరిగాడికి సైతం వుంది. ఆమెకు వృత్తే పేరు. గిరీశం ఆమె ఇంట తిన్నాడు, ఆమె డబ్బు ఎగవేశాడు, ఆ డబ్బు వేశ్యకు తగలేశాడు. ఆమె చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికి వస్తే ఆ దెబ్బ రామప్పపంతులుకు తగిలింది. నూరేళ్ళకు పైగా మనం ఆ రంగం చూసి నవ్వుతున్నాం. నవ్వవలసిందే. గురజాడ నవ్వమనే రాశాడు. కాని గిరీశం ఇంగ్లీషు మీద, మధురవాణి ఔదార్యం మీద వ్యాసాలకు వ్యాసాలు రాసిన మన విమర్శకులు పూటకూళ్ళమ్మ ఆర్థిక స్థితి మీద ఎన్ని పేరాలు రాశారు? ఆస్తి లేదు, మగదిక్కు లేదు, మళ్ళీ పెళ్ళికి శాస్త్రం ఒప్పదు. అటువంటి ఆడదానికి ఆ సంఘం మిగిల్చిన గౌరవప్రదమైన ఉపాధి పదిమందికి వండి వార్చడం ఒక్కటే. ఆ వంట మీద వచ్చిన రూపాయలను కూడా ఇంగ్లీషు చదువుకున్న వాడొకడు కాజేశాడు. నాటకంలో బుచ్చమ్మ సమస్యకు ఒక పరిష్కారం దొరికింది. పూటకూళ్ళమ్మ బాకీ ఎవరు తీర్చారు? నా దృష్టిలో ఆ చీపురుకట్ట మన సాహిత్యంలో ఒక హోటలు యజమానురాలు తన బిల్లు వసూలు చేసుకోబోయిన మొదటి సన్నివేశం. ఆ విధంగా చదివితే హాస్యం తగ్గదు, ఇంకొంచెం మంట పుడుతుంది.

ఇక బెజవాడకు వద్దాం. పూటకూళ్ళ ఇల్లు హోటలుగా మారడానికి ఎవరి మంచితనమూ కారణం కాదు. నీళ్ళూ, రైలూ కారణం. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారి డెల్టా మాగాణి అయింది. ధాన్యం అమ్మేవాడు, కొనేవాడు, పడవ నడిపేవాడు, బస్తాలు మోసేవాడు బెజవాడలో కలుసుకున్నారు. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడింది. ఆ పైన మద్రాసు, కలకత్తా, హైదరాబాదు దారులన్నీ ఇక్కడ ముడిపడ్డాయి. రైలు దిగినవాడికి ఊళ్ళో చుట్టం వుండడు, వెనక్కు పోయే బండి ఏ అర్ధరాత్రికో గాని రాదు. మధ్యలో ఆకలి వుంటుంది. 1921లో మారుతీ టాకీసు వచ్చింది. తరువాత గాంధీనగరం సినిమా పంపిణీ కచేరీలతో నిండింది. పత్రికలు, అచ్చాఫీసులు, పుస్తకాల దుకాణాలు, పార్టీ కార్యాలయాలు చుట్టూ పెరిగాయి. ఒకరి కులం ఒకరికి తెలియని మనుషులు వేల సంఖ్యలో ఒకే పూట ఆకలిగొనడం అనేది పల్లెటూళ్ళో జరగదు. అది జరిగే చోటే హోటలు పుడుతుంది.

పుట్టిన వెంటనే అది అందరిదీ అయిందనుకుంటే పొరపాటు. దక్షిణాదిన తొలినాటి కాఫీ హోటళ్ళకు బ్రాహ్మణ హోటలు అనే బోర్డు గౌరవ చిహ్నం. కొన్ని చోట్ల లోపలి గది వేరు, బయటి బల్ల వేరు. రైల్వే ఫలహారశాలలలో కూడా ఆ విభజన సాగింది. మద్రాసు తిరువళ్ళిక్కేణిలో మురళీ కఫే బోర్డు మీది ఆ కులం పేరు తీసెయ్యాలని పెరియార్ 1957లో ఆందోళన నడపవలసి వచ్చింది. అప్పటికి రాజ్యాంగం వచ్చి ఏడేళ్ళు దాటింది. ఆ రాజ్యాంగం పదిహేనవ అధికరణంలో, పౌరుల ప్రాథమిక హక్కులు చెప్పే చోట, దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళు అన్న మాటలు వున్నాయి. వాటిలోకి పోవడానికి కులం, మతం, లింగం ఏదీ అడ్డు కారాదని వుంది. ఒక దేశపు మూల శాసనంలో, బావుల పక్కన, స్నానఘట్టాల పక్కన హోటలు చోటు సంపాదించుకున్నదంటే, అది వొట్టి తిండి దుకాణం కాదని ఆ శాసనం రాసినవారికి తెలుసు. అంటరానితనాన్ని నేరంగా శిక్షించే చట్టం 1955లో వచ్చింది. బోర్డు మీద అక్షరాలు ఆ తరువాత కూడా చాలా ఊళ్ళలో వెలిశాయి.

ఈ చరిత్ర అంతా తలలో పెట్టుకుని గాంధీనగరంలో బాబాయి హోటలుకు వెళ్ళాను. 1940లలో మొదలైన హోటలు అది. దాని పేరు పెట్టి జంధ్యాల 1992లో ఒక సినిమా తీశాడంటే ఆ పేరు తెలుగువాళ్ళలో ఎంత దూరం పోయిందో ఊహించుకోవచ్చు. నన్ను ఆకర్షించింది ముందుగా ఆ పేరే. అది దేవుడి పేరు కాదు, విలాస్ కాదు, భవన్ కాదు. కులం పేరు అసలే కాదు. వరస పేరు. డెల్టా పల్లెల్లో ఏ కులం వాడైనా పెద్దవాడిని బాబాయ్ అనో, మావా అనో పిలుస్తాడు. ఆ పిలుపు వాకిటి దాకా చెల్లుతుంది, విస్తరి దాకా చెల్లదు. పట్నంలో హోటలు ఆ పిలుపును తీసుకుని బల్ల దాకా తెచ్చింది. డబ్బిచ్చి తినేవాడు యజమానిని బాబాయ్ అంటున్నాడంటే ఆ సంబంధంలో ఎంత వ్యాపారం వున్నదో అంత ఆశ కూడా వున్నది.

అక్కడ ఇడ్లీ మీద వెన్న వేస్తారు. పక్కన కారప్పొడి, చట్నీ. ఆ ఇడ్లీ గురించి నా అభిప్రాయం చెప్పకుండా సాంఘిక చరిత్ర వెనక దాక్కోవడం విమర్శకుడికి తగదు. బాగున్నది. ఎందుకు బాగున్నదో కూడా చెప్పాలి. ఇడ్లీలో దాచడానికి చోటు లేదు. మసాలా లేదు, వేపుడు లేదు, తాలింపు లేదు. పిండి పులిసిన తీరు, ఆవిరి పట్టిన తీరు, ఈ రెండే. మినపపిండిలోని జిగురు, పులిసేటప్పుడు పుట్టే గాలిని బుడగలుగా పట్టి వుంచుతుంది. రుబ్బు తక్కువైతే గాలి నిలవదు, ఇడ్లీ రాయి అవుతుంది. మన వైపు బియ్యాన్ని రవ్వగా చేసి మినపపిండిలో కలుపుతాం గనక అరవ ఇడ్లీ కన్న మన ఇడ్లీ నోటికి కొంచెం గరుకుగా తగులుతుంది. ఆ గరుకుదనమే వెన్నను, కారప్పొడిని పట్టుకుంటుంది. సాంబారు చెరువులో ఇడ్లీని ముంచెయ్యడం నాకు ఇష్టం లేదు. అది చెడిపోయిన ఇడ్లీకి చేసే చికిత్స. బెజవాడ వేసవి తెలిసినవాడికి ఇంకో సంగతి కూడా తెలుసు. రోహిణీ కార్తెలో పిండి గంటల్లో పులిసి కూర్చుంటుంది. ఏ వేళకు రుబ్బాలి, ఎంతసేపు వదలాలి అనేది పుస్తకంలో దొరకదు. అది పనివాడి చేతిలో వున్న విద్య. పన్నెండు నెలలూ ఒకే రుచి ఇస్తున్నారంటే ఆ వంటింట్లో రోజూ వాతావరణాన్ని చదివే మనిషి ఒకడున్నాడన్న మాట. జ్ఞాపకాలు రాసినవారెవరూ ఆ మనిషిని పేరు అడగలేదు. పూటకూళ్ళమ్మకు పట్టిన గతే ఇతనికీ పట్టింది.

ఈ ఇడ్లీని కొందరు సనాతన ఆంధ్ర సంప్రదాయం అంటారు. అటువంటివారికి చిన్న చేదు మాత్ర. పదో శతాబ్దపు కన్నడ వడ్డారాధనెలో, పన్నెండో శతాబ్దపు సోమేశ్వరుడి మానసోల్లాసంలో కనిపించే ఇడ్లీకి మినపపిండి ఒక్కటే వుంది, బియ్యం లేదు. బియ్యం కలిపి పులియబెట్టి ఆవిరి మీద ఉడికించే పద్ధతి సముద్రం అవతల ఇండొనీషియా నుంచి వచ్చి వుండవచ్చునని ఆహార చరిత్రకారుడు కె.టి. అచ్చయ్య అనుమానపడ్డాడు. ఊళ్ళ వెంట ఉడిపి హోటళ్ళవాళ్ళు దానిని వ్యాపింపజేశారు. ఏ వంటకమూ ఒక కులానిదో, ఒక జాతిదో కాదని చెప్పడానికి ఇడ్లీ కన్న మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కాని ఇక్కడి ఇడ్లీకి ఈ నేలతో ఒక సంబంధం మాత్రం నిజంగా వుంది. దానిలోని బియ్యం, మినపపప్పు రెండూ డెల్టాలో ఒకే చేలో పండుతాయి. సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలబడి వుండగానే, తడి ఆరని నేలలో మినుములు చల్లుతారు. వరి కోసేసరికి మొలకలు వస్తాయి. దున్నడం లేదు, మళ్ళీ నీళ్ళు పెట్టడం లేదు. మిగిలిన తడి, పొగమంచు, వీటితోనే ఆ పైరు పండాలి. లాం పరిశోధనా క్షేత్రంలో ఈ మాగాణి మినుముకు సరిపడే రకాలు తయారుచేశారు. పల్లాకు తెగులు వస్తే చేను చేనంతా పసుపుపచ్చగా మారిపోతుంది. ఆ నష్టం ఎవరిది? డెల్టాలో సాగుచేసేవారిలో కౌలుదారులు ఎక్కువ. చాలా చోట్ల వరి పంట కౌలు కిందికే పోతుంది, కౌలుదారుకు మిగిలితే ఆ మినుమే మిగలాలి. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డు ఇవ్వడానికి చట్టం చేశారు. 2019లో దాని చోట ఇంకో చట్టం వచ్చింది, అందులో కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని యజమానికి భయం. సంతకం లేకపోతే కౌలుదారుకు అప్పు లేదు, పంట నష్టపరిహారం లేదు. గాంధీనగరంలో వెన్న కింద మెత్తగా విరిగే ఆ ఇడ్లీ ఆ సంతకం దొరకని చేలో మొదలయింది. ఇది చెప్పినందుకు ఇడ్లీ చేదెక్కదు. హోటలు మీద రాసే వాడు హోటలు తలుపు దగ్గరే ఆగిపోకూడదని నా ఉద్దేశం.

వంటింట్లోకి పోదాం. రుబ్బురోలు ఒకప్పుడు హోటల్లో ఒక పూర్తి ఉద్యోగం. కోయంబత్తూరులో 1955లో కరెంటు గ్రైండరు తయారయింది. ఆ ఒక్క యంత్రం పిండి రుబ్బేవాడి భుజాలను విడిపించింది, అతడి ఉద్యోగాన్ని కూడా కొంత విడిపించింది. యంత్రం వచ్చినప్పుడల్లా జరిగేదే ఇది. బల్లలు తుడిచే కుర్రవాడికి మాత్రం ఏ యంత్రమూ రాలేదు. "ఒరేయ్, ఇక్కడ తుడు" అంటే తడిగుడ్డతో పరిగెత్తే పదేళ్ళ పిల్లవాడు మన కథల్లో చాలా కాలం ఒక అలంకారంగా వున్నాడు. ఊరు విడిచి పారిపోయి వచ్చిన ప్రతి కథానాయకుడూ మొదట హోటల్లో కప్పులు కడగవలసిందే, ఆ తరువాత పైకి రావలసిందే. పైకి రానివాళ్ళ కథ రాసినవారు తక్కువ. 1986 నాటి బాలకార్మిక చట్టం ఆ కుర్రవాడిని వదిలేసింది. హోటళ్ళలో, దాబాలలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పెట్టుకోరాదన్న నిషేధం 2006 అక్టోబరు 10న అమలులోకి వచ్చింది. అంటే స్వాతంత్ర్యం వచ్చిన యాభై తొమ్మిదేళ్ళకు. మన హోటలు జ్ఞాపకాలలో చాలాభాగం అంతకు ముందటివే. వాటిలో బల్ల శుభ్రంగా వుంటుంది, ఎవరు తుడిచారో వుండదు.

పెద్దవాళ్ళ సంగతి వేరేగా చెప్పాలి. 1988 నాటి మన దుకాణాల చట్టం చేసినప్పుడు రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు అన్నది. తెల్లవారుజామున మొదటి వాయి దింపి రాత్రి ఆఖరి దోసె పోసేదాకా ఎన్ని గంటలో ఎవరైనా లెక్క కట్టవచ్చు. ఇప్పుడు ఏ హోటలు వంటింటి గుమ్మం దగ్గర నిలబడినా ఒరియా మాట, హిందీ మాట వినపడతాయి. పెసరట్టు వేసేవాడు పెసరట్టు తినని ఊరినుంచి వచ్చాడు. చక్కగా వేస్తాడు. అల్లం, ఉల్లి, జీలకర్ర ఎక్కడ ఎంత పడాలో అతడి చేతికి తెలుసు. ఆంధ్ర రుచి ఆంధ్రుడి చేతినుంచి పోయిందని విచారించేవారితో నేను ఏకీభవించను. చేతికి న్యాయమైన కూలి ముడుతోందా అన్నదే నాకున్న విచారం.

హోటలు కులాన్ని పోగొట్టిందా? పట్నంలో చాలావరకు పోగొట్టిందనే చెప్పాలి. పక్కన కూర్చున్నవాడు ఎవరో అడిగే తీరిక అక్కడ లేదు. ఖాళీ కుర్చీ దొరకడమే గొప్ప. ఈ విజయాన్ని తక్కువ చేసి చూపడం నిరాశావాదులకు మాత్రమే పనికివస్తుంది. కాని పట్నం దాటి పది మైళ్ళు పోతే కథ మారుతుంది. నా చిన్నతనంలో డెల్టాలోనే ఒక పల్లెలో, పేరు అనవసరం, టీ దుకాణం గోడకు మేకులు కొట్టి కొన్ని గ్లాసులు విడిగా తగిలించి వుండేవి. తాగినవాడే కడిగి మళ్ళీ ఆ మేకుకే తగిలించాలి. మా పక్కింటి వాళ్ళ పాలేరు నన్ను చెయ్యిపట్టుకుని తీసుకుపోయి, నాకు లోపల గ్లాసులో పాలు ఇప్పించి, తాను బయట నిలబడి మేకు గ్లాసులో టీ తాగాడు. దుకాణం ఒకటే, పొయ్యి ఒకటే, పాలు ఒకటే. ఆ తేడా ఎందుకో అడిగితే, "తాగు బాబూ, చల్లారిపోద్ది" అన్నాడు.

రెండు గ్లాసుల పద్ధతి ఎలా పోయిందని నేను తరువాత చాలామందిని అడిగాను. చట్టం వల్ల కొంత, దళితుల పోరాటాల వల్ల చాలా. కాని ఇంకొక కారణం నాకు కనిపించింది, దాని గురించి ఎవరూ రాయలేదు. కాగితపు గ్లాసు వచ్చింది. తాగి పారేసే గ్లాసు అయితే ఎవరి గ్లాసు ఎవరు కడగాలన్న ప్రశ్న లేదు, ఎవరి ఎంగిలి ఎవరికి అంటుతుందన్న భయం లేదు. మేకులు వాటంతట అవే ఖాళీ అయినాయి. అభ్యుదయం వచ్చిందని సంతోషించాలా? మనసులోని అంటు అలాగే వుండి, గ్లాసు మాత్రం మారితే దానిని ఏమనాలి? కొందరు మిత్రులు, ఎలా పోతేనేం, పోయింది గదా అంటారు. వారి మాటలో కొంత నిజం వుంది. మేకు దగ్గర నిలబడి తాగడం కన్న కాగితపు గ్లాసులో తాగడం వెయ్యి రెట్లు నయం. కాని మనుషులు ఒకరి పక్కన ఒకరు కూర్చోవలసిన చోట్లలో ఏమవుతుందో 1991లో చుండూరు చూపించింది. అది కూడా ఈ కృష్ణా డెల్టా ఊరే. సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు కుర్చీలోని పైకులపు వాడికి తగలడంతో మొదలైన తగవు ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్యతో ముగిసింది. సినిమా హాలుకు కాగితపు కుర్చీ రాలేదు మరి.

పట్నంలో హోటలు వేరే గోడ కట్టుకున్నది. ఒకే వంటింటి ఇడ్లీకి బయట హాల్లో ఒక ధర, చల్లటి ఏ.సి. గదిలో ఇంకో ధర వుంటుంది. ఇడ్లీ మారదు, పక్కన కూర్చునేవాడు మారతాడు. ఆ ఎక్కువ డబ్బు చల్లదనానికి కొంత, ఎవరితో కలిసి కూర్చోనక్కరలేదన్న హాయికి కొంత. వెనకటి ఫ్యామిలీ రూముల సంగతి కూడా ఇక్కడే గుర్తుచేసుకోవాలి. తెర కట్టిన ఆ చెక్క గదులు మగతోడు వున్న ఆడవాళ్ళ కోసం. ఒంటరిగా వచ్చిన ఆడది హాల్లో కూర్చుంటే చూపులు, గదిలో కూర్చుంటే అనుమానం. పూటకూళ్ళమ్మ వంశం వాళ్ళు వండి పెట్టవచ్చు గాని, నలుగురిలో కూర్చుని తినడానికి వాళ్ళకు దాదాపు నూరేళ్ళు పట్టింది. ఇప్పుడు పొద్దున్నే ఆఫీసుకు పోయే అమ్మాయి ఒక్కతే నిలబడి ప్లేటు ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కుని పోతుంది. ఈ దృశ్యం మీద ఇంకా మంచి కథ రావలసి వుంది.

ఈ మధ్య కొత్త పోకడ ఒకటి చూస్తున్నాను. హోటళ్ళ పేర్లలో కులాల పేర్లు మళ్ళీ తలెత్తుతున్నాయి. ఫలానా రాజుగారి పులావు, ఫలానా చౌదరిగారి విందు, ఫలానా రెడ్డిగారి రుచులు. బ్రాహ్మణ భోజనం అనే మాట కూడా కొత్త రంగులతో వచ్చింది. లోపలికి ఎవరైనా రావచ్చు, డబ్బు ఎవరిదైనా తీసుకుంటారు. చట్టం ఎక్కడా ఉల్లంఘించలేదు. కాని 1957లో ఏ అక్షరాలు తీయించడానికి జనం జైళ్ళకు పోయారో, ఆ అక్షరాలు ఇప్పుడు విద్యుద్దీపాలతో వెలుగుతున్నాయి. ఆ కాలంలో కులం పేరు లోపలికి ఎవరు రావాలో చెప్పేది, ఈ కాలంలో అది రుచికి హామీపత్రంగా నటిస్తోంది. రుచి రక్తంలో వుంటుందని చెప్పే సిద్ధాంతం ఇది. సాహిత్యంలో ఇటువంటి సిద్ధాంతం ఎవరైనా చెబితే మనం చీల్చి చెండాడతాం, హోటలు బోర్డు మీద కనపడితే లోపలికి పోయి కూర్చుంటాం. ఇదే సమయంలో మాల మాదిగల వంటకాల పేరుతో ఒక హోటలు బోర్డు గాంధీనగరం నడిబొడ్డున పెడితే ఎంతమంది అగ్రవర్ణ రుచిపండితులు గుమ్మం ఎక్కుతారో చూడాలని నాకు కుతూహలం.

చివరగా అయిదు రూపాయల భోజనం. 2018 జులైలో విజయవాడలో అన్న క్యాంటీన్లు తెరిచారు. టిఫిను, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం ఏదైనా అయిదు రూపాయలు. ఆటో తోలేవాళ్ళు, హమాలీలు, ఆసుపత్రికి వచ్చిన రోగుల బంధువులు, చదువుకునే పిల్లలు వరసలో నిలబడి తిన్నారు. డొక్కా సీతమ్మగారి వంటి దాతలను గోదావరి జిల్లాలవారు ఇప్పటికీ తలుచుకుంటారు, తలుచుకోవలసిందే. కాని దానానికి తలవంచుకుని కూర్చోవాలి, అయిదు రూపాయలు ఇచ్చినవాడు కూర వేడిగా లేదని అడగగలడు. రూకకు పూట భోజనం పెట్టిన ఓరుగల్లు ఇంటి తరువాత, ధర చెప్పి, గడప తీసేసి, పెట్టిన భోజనం ఇది. నా అంచనాలో దీని సాంఘిక విలువ ఎంత వెన్న వేసిన ఇడ్లీ కన్నా ఎక్కువ. ప్రభుత్వం మారగానే 2019లో వాటిని మూసేశారు. తాళాలు అయిదేళ్ళు వున్నాయి. మళ్ళీ ప్రభుత్వం మారి 2024 ఆగస్టు 15న గుడివాడలో తిరిగి తెరిచారు. ఒక పార్టీ పేరు పెట్టడం, ఇంకొక పార్టీ తాళం వెయ్యడం, ఈ రెంటి మధ్య ఆ అయిదేళ్ళూ హమాలీ ఎక్కడ తిన్నాడో ఏ పార్టీ పత్రికా రాయలేదు. ఈ క్యాంటీన్ల మీద పొగడ్తలూ తిట్లూ బోలెడు అచ్చయినాయి. అక్కడి సాంబారు ఎలా వుందో, అన్నం ఎంత పెడుతున్నారో, కూర్చునే చోటు వుందో లేదో చెప్పే ఒక్క నిజమైన హోటలు సమీక్ష, క్రీడాభిరామం పద్యమంత చిన్నదైనా సరే, నాకు ఇంతవరకు కనపడలేదు.